సైలెన్సర్ బావ

ఉంగుటూరు నుంచి తేలప్రోలు దాకా ఊరికొక సైలెన్సర్ బావ ఉంటాడు. బండికి కంపెనీ ఇచ్చిన ఉక్కు గొట్టం పీకేసి, నల్లటి అల్యూమినియం సైలెన్సర్ బిగిస్తాడు. నెల తిరక్కుండా ఆ నలుపు మొహం మొత్తి, గీకెయ్యాలంటాడు.

"అది ఉత్త రంగు కాదు బావా, యానోడైజింగ్! ఆమ్లంలో ముంచి కరెంటు పెడితే పుట్టే ఆక్సైడు పొర. కెంపులో ఉండేదీ అదే."

అంత విలువైనదాన్ని గీకడం దేనికని అడిగామా, ఆ పూట మన పని గోవిందా.

పొర మందం పది ఇరవై మైక్రాన్లే అయినా ఎమిరీ కాగితానికి ఓ పట్టాన లొంగదు. అందుకని కాస్టిక్ సోడా. అల్యూమినియం పాత్రలో కలిపితే పాత్రనే తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ బకెట్టు. అయినా వాళ్ళమ్మ గంగాళం దాచేస్తుంది. మామిడికి మందు కొట్టేటప్పుడు వాళ్ళ నాన్న ఏనాడూ తొడగని గ్లౌజులూ, కళ్ళద్దాలూ సైలెన్సర్ పుణ్యాన కవరు విప్పుకుంటాయి.

బకెట్టు బుసబుసలాడుతుంది. "తాతా, హైడ్రోజన్! బీడీ ఆర్పెయ్!"

"నా బీడీ వయసెంత, నీ సోడా వయసెంతరా?" అంటూనే తాత అరుగు దిగి పోతాడు.

పైకి తీస్తే మునుపటికన్నా నల్లగా ఉంటుంది. సోడాకు కరగని రాగి, సిలికాన్ మిగిలి పట్టిన మసి అది. దాన్ని వదిలించి, 400 నంబరు నుంచి 2000 దాకా కాగితాలు తడిపి రుద్ది, బఫింగ్ కొట్టిస్తే అప్పుడు మొహం కనిపిస్తుంది. నాలుగు మంచు రాత్రులు గడిస్తే మసకేస్తుంది. కాపాడే పొరను తనే ఒలిచేశాడు గదా! ఇక ఆ పొర ఉద్యోగం జన్మంతా తనే చెయ్యాలి, జీతం లేకుండా.

ఆ మధ్య మామిడి పూతకు తేనెమంచు పురుగు పట్టింది. "ఆకులు జిగటగా మెరుస్తున్నాయిరా, మందు కొట్టాలి" అన్నాడు వాళ్ళ నాన్న. బావ తోటకెళ్ళి, ఆకు తిప్పి చూసి, "ఫినిషింగ్ బాగానే వచ్చింది" అన్నాడు.

మోత పెట్టే సైలెన్సర్లను విశాఖ పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించిన వీడియో చూసి మాత్రం అన్నం మానేశాడు. చట్టం మీద కోపమేం లేదు. "అందులో ఎవడో 2000 దాకా రుద్దిందీ ఉంటుంది బావా!"

నూజివీడు వైపు నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి ఏం చేస్తాడని పెళ్ళివారు అడిగారు.

"తోముతాడండీ" అన్నాడు తండ్రి.

"గిన్నెలా?"

"అంత అదృష్టమా!"