హిట్టయితే అలిగే బాబాయి

సినిమా ఫ్లాపయితే అభిమాని ఏడుస్తాడు. అది లోకసహజం. హిట్టయితే అన్నం మానేసే అభిమానిని చూడాలంటే మాత్రం మీరు మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి రావాలి.

ఆయన చిన్న సినిమా భక్తుడు. ఎంత చిన్నదైతే అంత భక్తి. థియేటర్లు దొరకని సినిమా అంటే ఇష్టం. పోస్టర్లకి కూడా డబ్బుల్లేని సినిమా అంటే ప్రాణం. "ఎవరూ చూడలేదట" అని చెవిన పడిందా, ఆ రాత్రికి నిద్రపోడు. తెల్లారేసరికి చూసేసి, కాలనీలో ఎదురైన ప్రతివాణ్నీ "సూసినావేటి?" అని అడుగుతాడు. "లేదు" అంటే ఆ ముఖంలో వెలుగు చూడాలి. పొరపాటున "చూశాను" అన్నారో, ఆ రోజుకి ఆయన్ని పాడుచేసినట్టే.

కాలనీలో పెద్దాచిన్నా అందరికీ ఆయన బాబాయే. వాళ్ల తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి గ్యాంగు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తండ్రీ రైల్వేలోనే రిటైరయ్యాడు. ఈయన గూడ్సు గార్డు. 2022లో గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నారు. పేరు మారింది గానీ, బొగ్గు బండి చివర బ్రేక్ వ్యానులో ఆ కుదుపులు మారలేదు. ఆయన సినిమా సిద్ధాంతమంతా ఆ వ్యానులోనే పుట్టింది.

"సూడు బాబూ. పెద్ద ఈరో సినిమా రాజధాని ఎక్స్‌ప్రెస్సు. దానికెక్కడికక్కడ లైన్ క్లియర్. మనది గూడ్సు బండి. లూప్ లైన్లో ఎట్టీసి, అది పోయిందాకా ఆగమంతారు. లేకిన్, దేశానికి కరెంటిచ్చీది ఏది? బొగ్గు బండి కాదేటి?"

ఆయన మెచ్చాలంటే సినిమాకి కొన్ని లక్షణాలుండాలి. దర్శకుడి పేరు ఎవరూ విని ఉండకూడదు. నిర్మాత సినిమావాడు కాకూడదు. నటులు పక్కవీధి వాళ్లలా ఉండాలి. రెమ్యూనరేషన్ అనే మాట వినపడకూడదు. ఇక రెండో భాగం తీస్తామన్నారంటే ఆ దర్శకుడికి బాబాయి మనసులో నీళ్లు వదిలేసినట్టే.

ఈ పరీక్షలో డిస్టింక్షన్ కొట్టింది 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'. వెంకటేష్ మహాకి దర్శకుడిగా అదే మొదటి సినిమా. నటుల్లో ఎక్కువమంది విశాఖలోని ఆ కంచరపాలెం పేటవాళ్లే. నిర్మాత ప్రవీణ పరుచూరి అమెరికాలో గుండె డాక్టరు. "గుండె డాక్టరు డబ్బులెట్టిన సినిమా, గుండెకి తగల్దేటి?" అంటాడు బాబాయి. కోర్బా నుంచి వచ్చే బండిలో విశాఖ వెళ్లినప్పుడల్లా, మర్రిపాలెం దగ్గరికొచ్చేసరికి కిటికీ దగ్గర చేరి, "అదిగో, ఆ మేడమీదే తీసినారు" అని తోటి ప్రయాణికులకి చూపిస్తాడు. ఒక్కోసారి ఒక్కో మేడ చూపిస్తాడు. అడిగేవాడెవడు?

బిలాస్‌పూర్‌లో పెద్ద తెలుగు సినిమా చూడాలంటే హిందీ మాటలతో చూడాలి. చిన్న సినిమా ఈ దారికే రాదు. అందుకని బాబాయి తన క్వార్టర్లోనే ఆట వేస్తాడు. ఫోను టీవీకి తగిలించి, కాలనీ అంతా పిలిచి, 'సినిమా బండి' వేశాడొకసారి. ప్రవీణ్ కంద్రేగుల తీసిన సినిమా, 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఆటోలో ఎవరో మర్చిపోయిన ఖరీదైన కెమెరా ఒకటి దొరికితే, ఆటోవాడు ఊరివాళ్లని పోగేసి సినిమా తీస్తాడు. వచ్చిన పిల్లలకి తెలుగు సగమే తెలుసు. అది రాయలసీమ వైపు యాస కావడంతో ఆ సగమూ పోయింది. బాబాయి పక్కన నిలబడి హిందీలో చెప్పడం మొదలెట్టాడు. ఆయనకి సినిమా కంఠతా వచ్చు. జోకు రాకముందే నవ్వేస్తాడు. నవ్వాక చెప్తాడు. చెప్పేలోపు ఇంకో జోకు వెళ్లిపోతుంది. చివరికి జనం నవ్వింది ఆయన్ని చూసే. పిన్ని వేసిన పకోడీలు అయిపోగానే సగం హాలు ఖాళీ. "సూసినావా, మంచి సినిమాకి జనముండరు" అని ఆయన పొంగిపోయాడు.

క్యాంటీన్లో హిందీ మిత్రులెవరైనా "మీ సౌత్ సినిమాల్లో కార్లు గాల్లో ఎగురుతాయి కదా" అన్నారంటే అయిపోయారన్నమాట. బాబాయి టీ గ్లాసు కింద పెడతాడు. శ్యామ్ బెనెగళ్ మొదటి సినిమా 'అంకుర్' ఏ సంవత్సరం? 1974. కథ ఎక్కడిది? తెలంగాణ పల్లెది. మాటలెవరివి? సత్యదేవ్ దూబేవి. దూబే ఎక్కడ పుట్టాడు? ఇక్కడ మిత్రులు దిక్కులు చూస్తారు. "ఇదిగో, ఈ బిలాస్‌పూర్‌లో!" తెలంగాణ పల్లెకి మాటలు బిలాస్‌పూర్ నుంచి సప్లై అయ్యాయి కాబట్టి, దేశంలో చిన్న సినిమాకి జంక్షన్ ఈ ఊరేనని ఆయన తేల్చేస్తాడు. ఆ టీ డబ్బులు మాత్రం మిత్రులే ఇస్తారు.

అసలు చిక్కు ఆయన మొక్కిన దేవుళ్లకి అందరూ మొక్కడం మొదలెట్టినప్పుడు వస్తుంది. సుహాస్ షార్ట్ ఫిల్ముల్లో ఉన్నంతకాలం "మన కుర్రోడు". అతను హీరోగా చేసిన 'కలర్ ఫోటో'కి జాతీయ అవార్డు రాగానే "పెద్దోడైపోనాడు, ఇంక మనమెందుకు" అని నిట్టూర్పు. తరుణ్ భాస్కర్ 'ఈ నగరానికి ఏమైంది' 2023లో మళ్లీ విడుదలై, కుర్రాళ్లు థియేటర్లలో డైలాగులు ముందే అరుస్తుంటే, సొంత పొలం ఎవరో దున్నేసుకుంటున్నట్టు విలవిల్లాడాడు. యూట్యూబ్ 'మై విలేజ్ షో' గంగవ్వ 2020లో బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్తే, "అమ్మేసుకున్నారు" అని ఖండించాడు. ఖండించి, ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటితో ఆవిడకే ఓటేశాడు. ఆరోగ్యం బాగాలేక ఆవిడ మధ్యలో బయటికొచ్చేస్తే, "బతికిపోనాది" అని కళ్లు తుడుచుకున్నాడు.

నవ్వుతాం గానీ, ఆ పిచ్చికొక కారణముంది. ఈ ఊళ్లో బడి హిందీ, ఆఫీసు హిందీ, బజారుకెళ్తే ఛత్తీస్‌గఢీ. తెలుగు వినాలంటే ఇంట్లో వినాలి, లేదా సోలాపురి మాత పూజలో వినాలి. ఇంట్లో కూడా తండ్రి తెలుగులో అడిగితే కొడుకు హిందీలో జవాబిస్తాడు. ఇక పెద్ద సినిమాల్లో ఆయన మాట్లాడే యాస వచ్చిందంటే పనివాడి నోటో, నవ్వించేవాడి నోటో వచ్చేది. ప్రేమించేవాడికీ, కోపగించేవాడికీ ఆ మాట ఉండేది కాదు. కంచరపాలెంలో పెళ్లికాని అటెండరు రాజు ఆ మాటతోనే ప్రేమించాడు. బాబాయికి అది చాలు. ఈ ఊళ్లో తెలుగుకి పంపిణీదారుడూ లేడు, థియేటరూ లేదు. బాబాయి లాంటి మొండివాళ్లు నలుగురు మాట్లాడబట్టి ఆడుతోంది.

ఇలాంటివాడి దగ్గర సొంత కథ లేకుండా ఉంటుందా? పాత రైల్వే డైరీలో రాసి పెట్టుకున్నాడు. ఒక గార్డు, ఒక లూప్ లైను, ఎంతకీ పడని సిగ్నలు. పెద్దగా ఏమీ జరగదు. "అదే దాని గొప్ప." మేనల్లుడి ఫోనే కెమెరా. రైల్వే స్థలంలో తియ్యాలంటే అనుమతి కావాలి కాబట్టి పెరట్లోనే స్టేషను వేశాడు. బాబాయి పచ్చజెండా పట్టుకుని, శూన్యంలోకి చూస్తూ, జీవితం గురించి గంభీరంగా చెబుతుండగా, వడియాలు తియ్యడానికొచ్చిన పిన్ని ఫ్రేములోకి నడిచొచ్చింది.

"ఏటయ్యా ఆ సూపు? గేసు అయిపోనాదని పొద్దున్నుంచి సెప్తన్నాను. బుక్ సేసినావా, నేదా?"

మేనల్లుడు గంభీరోపన్యాసం కత్తిరించి, పిన్ని ముక్క ఒక్కటే లోకం మీదికి వదిలాడు. పలాస నుంచి ఫోన్లు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ నుంచి ఫోన్లు. "మా అమ్మ అచ్చం ఇలాగే తిట్టేదండీ" అని ఎవరో పెద్దాయన, ఆగి ఆగి, మళ్లీ మళ్లీ చెప్పాడట.

బాబాయి ఆనవాయితీ ప్రకారం అలిగాడు. "అంతమంది సూసేత్తే అదేటి కళ?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. గోడవైపు తిరిగే, ఫోనులో ఎంతమంది చూశారో గంటగంటకీ లెక్క చూసుకున్నాడు. ఆ వారం గడవకముందే మేనల్లుణ్ని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, రెండో భాగం సంగతి ఎత్తాడు.

వంటింట్లోంచి పిన్ని విననే వింది.

"రెండో పార్టుకి నా రేటు ఏరే. ముందు గేసు బుక్ సెయ్యి. కథ తరవాత సెప్పుదువు గాని."