అద్దకపు రెమ్మ ఆత్మకథ

నేనొక మావిడి రెమ్మని. ఐదు ఆకులు, రెండు పిందెలు నా ఒళ్ళు. బెజవాడ గవర్నర్‌పేటలో రబ్బరు స్టాంపులు చేసే ఒక చిన్న దుకాణంలో పుట్టాను. పలచని స్పాంజి ముక్క నాకు పరుపు, చెక్క పిడి నాకు వెన్ను. నాతోపాటు ఆ రోజు అదే యంత్రంలోంచి దిగిన తోబుట్టువులు ఒకటి బ్యాంకుకు, ఒకటి కరెంటాఫీసుకు, ఒకటి ఎరువుల కొట్టుకు వెళ్ళిపోయాయి. 'పెయిడ్', 'రిసీవ్డ్', 'క్యాన్సిల్డ్' అంటూ అవి కాగితాల లెక్క తేలుస్తాయి. నాకు అప్పజెప్పిన పని మనుషుల్ని పలకరించడం. నేను శుభాకాంక్షల కార్డుల మీద అద్దే స్టాంపును.

నన్ను చేయించినావిడ బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయింది. వెంట మనవరాలు ఉంది. ఆ పిల్ల నల్ల సిరాతో గీసిన బొమ్మను ఆవిడ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"దీన్ని స్టాంపు చేసిస్తారా నాయనా?"

"చేస్తామమ్మా. కానీ ఆకుల్లో ఈనెలు మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. సందుల్లో ఇంకు నిండి ముద్దయిపోతుంది. కాస్త తగ్గించమనండి పాపని."

ఆ పిల్ల అక్కడే స్టూలు మీద కూర్చుని, సగం ఈనెలు వదిలేసి మళ్ళీ గీసింది. ఏది వదలాలో తెలిసిన గీతే స్టాంపుకు పనికొస్తుంది.

ఆ బొమ్మను ఫోటో తీసి జింకు రేకు మీద బ్లాకు చేశారు. బ్లాకును వేడి మీద బేకలైటు అట్టలోకి ఒత్తితే గీతలున్న చోటల్లా గుంటలు పడ్డాయి. ఆ గుంటల మీద పచ్చి రబ్బరు షీటు పరిచి, సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని నిమిషాలు ప్రెస్సులో బిగించారు. మెత్తబడిన రబ్బరు ప్రతి గుంటలోకీ పారి అక్కడే గట్టిపడింది. అట్ట నుంచి ఊడదీస్తే నేను బయటపడ్డాను. నా మీద బొమ్మ కుడి ఎడమలు తారుమారై ఉంటుంది. కాగితానికి ముఖం ఆనించాకే నా రూపు సరిగ్గా కనిపిస్తుంది.

నేను ఇలా గట్టిపడగలిగానంటే అది చార్లెస్ గుడ్‌ఇయర్ చలవ. రబ్బరుపాలతో చేసిన వస్తువు ఎండలో జిగురయ్యేది, చలిలో పెళుసయ్యేది. గంధకం కలిపి వేడి చేస్తే ఆ రెండు బాధలూ పోతాయని ఆయన 1839లో కనిపెట్టాడు. 1844లో దానికి అమెరికాలో పేటెంటు వచ్చింది. రబ్బరుకు ఇంత మేలు చేసిన మనిషి 1860లో అప్పులు తీరకుండానే కన్నుమూశాడు. స్టాంపుగా పుట్టిన ప్రతి రబ్బరు ముక్కా తలుచుకోవలసిన పేరు అది.

అద్దకం మాత్రం మా రబ్బరువాళ్ళతో మొదలైంది కాదు. మా పాత ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే పెడనలో కలంకారీ బట్ట మీద అద్దే టేకు అచ్చులున్నాయి. బొమ్మ అంచుకు ఒక అచ్చు, లోపలి ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. పనివాళ్ళు గజాల కొద్దీ బట్ట మీద ఒకదాని పక్కన ఒకటి అతుకు కనబడకుండా వేసుకుంటూ పోతారు. వాళ్ళు బట్ట మీద చేసే పనినే నేను అరచేయంత కాగితం మీద చేస్తాను. ఆ అచ్చులు నాకు పెద్దలు.

నా యజమానురాలి చేతికి స్టాంపు కొత్తేం కాదు. ఉద్యోగమున్నన్నాళ్ళూ వోచర్ల మీద ఠపీఠపీమని కొట్టిన చెయ్యి. నన్నూ మొదట అలాగే కొట్టబోయింది. "కొట్టకు అమ్మమ్మా, నొక్కు" అంది మనవరాలు. ఆఫీసు స్టాంపుకు వేగం కావాలి, అక్షరం కాస్త చెదిరినా పని జరిగిపోతుంది. నాకు నిదానం కావాలి. నన్ను వెల్లకిలా పట్టుకుని ఇంకు ప్యాడునే నా మీద మెల్లగా తడితే ఇంకు గీతల మీదే నిలుస్తుంది, అంచులకు అంటదు. కాగితం మీద నిట్టనిలువుగా ఆనించి, నలుమూలలా సమానంగా బరువు పెట్టి, ఊపకుండా నిట్టనిలువుగానే ఎత్తాలి. ఊపితే నా చుట్టూ ఉన్న ఖాళీ రబ్బరు కూడా మరక వేస్తుంది. కొద్దిరోజుల్లోనే ఆ చెయ్యి ఈ నిదానానికి అలవాటుపడింది.

మా పని కాగితంతో మొదలవుతుంది. ఏ-4 ఐవరీ షీటును సగానికి కోసి మడిస్తే 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 మిల్లీమీటర్ల పొడవు ఉన్న కార్డు వస్తుంది. మందపాటి కాగితం నేరుగా మడిస్తే మడత దగ్గర పగులుతుంది. అందుకని సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు వారన ఒక గాడి గీసి, ఆ గాడి వెంట మడుస్తుంది ఆవిడ. తర్వాత నా వంతు. నన్ను ఒకసారి అద్దితే రెమ్మ. వరసగా తలకిందులు చేసి అద్దుకుంటూ పోతే గుమ్మానికి కట్టిన తోరణం. గుండ్రంగా తిప్పి అద్దితే పెళ్ళి కార్డుకు పనికొచ్చే వలయం. ఇంకు మళ్ళీ పెట్టకుండా రెండోసారి అద్దితే ఆకులు లేతబడి, వెనకాల దూరంగా ఉన్న కొమ్మలవుతాయి. నన్ను చిత్తు కాగితం మీద అద్ది, ఆ బొమ్మను కత్తిరించి, కార్డు మీదున్న ముద్రపై కప్పి పక్కనే మరోసారి అద్దితే ఒక రెమ్మ వెనక నుంచి ఇంకో రెమ్మ తొంగిచూస్తుంది. ఉన్నది నేనొక్కదాన్నే, తోపు తయారవుతుంది.

ఇంకుల్లోనూ తేడాలున్నాయి. డై ఇంకు కాగితంలోకి ఇంకి త్వరగా ఆరిపోతుంది. పిగ్మెంటు ఇంకు చిక్కగా కాగితం పైనే నిలిచి ఆలస్యంగా ఆరుతుంది. ఆ తడి మీద ఎంబాసింగ్ పొడి చల్లి, అంటని పొడిని దులిపేసి, హీట్ గన్‌తో వేడి తగిలిస్తే పొడి కరిగి గీతలన్నీ మెరుస్తూ ఉబ్బెత్తుగా లేస్తాయి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు దీనికి చాలదు. దానికి వేడి తక్కువ, గాలి ఎక్కువ, పొడి ఎగిరిపోతుంది.

ఆ ఉబ్బెత్తు గీతల వల్లే నా బతుకులో అన్నిటికన్నా గొప్ప రోజు వచ్చింది. ఆవిడతో కలిసి పనిచేసిన స్నేహితురాలికి చూపు బాగా మందగించింది. ఆమె కోసం రంగులన్నీ మానేసి, తెల్ల కార్డు మీద నన్ను ఒక్కసారే అద్ది, పొడి కరిగించి పంపింది. నాలుగు రోజుల తర్వాత ఫోను మోగింది. "మావిడాకులే కదుటే! వేళ్ళకు తగులుతున్నాయి, పిందెలు కూడా ఉన్నాయి" అందామె. కళ్ళ కోసమే పుట్టాననుకున్న నేను వేళ్ళకూ అందానని ఆ రోజు తెలిసింది.

శుభాకాంక్షల కార్డుకు చెయ్యి తోడవడం మొదటి నుంచీ ఉన్నదే. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ క్రిస్మస్‌కు అందరికీ విడివిడిగా ఉత్తరాలు రాయలేక, చిత్రకారుడు జాన్ కాల్కాట్ హార్స్‌లీ చేత బొమ్మ గీయించి కార్డులు వేయించాడు. రాతి అచ్చులో ముద్రించిన ఆ కార్డులకు రంగులు చేత్తోనే పూశారు. ఇక మా ఆఫీసు స్టాంపుల్ని బొమ్మల్లోకి తెచ్చినవాళ్ళలో జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విట్టర్స్ ఒకడు. 1919లోనే ఆయన మామూలు రబ్బరు స్టాంపుల ముద్రలతో చిత్రాలు చేశాడు. లెక్క తేల్చే స్టాంపుకూ అందం చేతనవునని ఆయన చూపించాడు.

నా బాగోగులు చూసుకోవడం తేలికే. పనయ్యాక తడిగుడ్డతో తుడిస్తే చాలు. నీళ్ళలో నానబెడితే చెక్కకూ స్పాంజికీ మధ్య జిగురు ఊడుతుంది. ఎండ తగిలేచోట పెడితే రబ్బరు గట్టిపడి పగులుతుంది. ఆవిడ నన్ను మూత ఉన్న రేకు డబ్బాలో పెడుతుంది. అందుకే నా గీతలు ఇంకా పదునుగానే ఉన్నాయి.

ఈమధ్య డబ్బాలోకి కొత్త చెలికత్తె వచ్చింది, వేపపూత. మనవరాలు పెన్సిల్ తుడిచే రబ్బరు మీద బ్లేడుతో చెక్కింది. ట్రేసింగ్ కాగితం మీద పెన్సిల్‌తో గీసి, దాన్ని రబ్బరు మీద బోర్లించి రుద్దితే గీత తిరగబడి అంటుకుంటుంది. దాని వెంట చెక్కడమే. పెన్సిల్ గీతను రబ్బరు తుడుస్తుందని జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1770లో రాశాడు. ఆ తుడిచే రబ్బరే ఇప్పుడు పూత పూస్తోంది. ఈ ఉగాది కార్డు మీద దాని చేదు, నా పిందెల వగరు పక్కపక్కనే ఉంటాయి.

నన్ను చేయించినావిడకు బొమ్మలు వేయడం రాదు. చిన్నప్పటి నుంచీ ఆ మాటే అంటూ వచ్చింది. కానీ ఏ ఆకు ఎక్కడ పడాలో, ఎక్కడ ఖాళీ వదలాలో, ఎవరికి ఏ రంగు నచ్చుతుందో ఆమెకు తెలుసు. కార్డుకు కావలసింది అదే. గీత సంగతి నేను చూసుకుంటాను. బొమ్మలు రావని ఆగిపోయినవాళ్ళు మీలో ఉంటే ఒక స్టాంపు, ఒక ప్యాడు, నాలుగు ఐవరీ షీట్లు తెచ్చుకోండి. ఎవరికి పంపాలో ముందు అనుకోండి. వాళ్ళను తలుచుకుంటూ కూర్చుంటే నన్ను ఎక్కడ అద్దాలో మీ చేతికే తెలుస్తుంది.