ప్యాచింగాయన

మన వీధిలో పాలాయన ఉంటాడు, పేపరాయన ఉంటాడు, నెలకోసారి మీటరు చూసి బిల్లు చేతిలో పెట్టే కరెంటాయన ఉంటాడు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ప్యాచింగాయన ఉంటాడు. సొంత పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉంటుంది గానీ, ఆ కార్డు చదివేది తలుపు దగ్గరి మెషీనొక్కటే. మిగతా జనం ఫోన్లో ‘ఎస్‌సీసీఎం అన్న’ అని సేవ్ చేసుకుంటారు. ఆ నంబరు నొక్కేది ఏదో ఒకటి చెడిపోయిన రోజే.

గుర్తుపట్టడం తేలిక. ముందు రెండు మానిటర్లు. ఒకదాని మీద ఎరుపూ పసుపూ పూసిన అక్షరాలు కిందికి పరిగెడుతుంటాయి. రెండోదాని మీద మీటింగు, మ్యూట్‌లో. ఆఫీసు కంప్యూటర్లలో పెన్‌డ్రైవులు పనిచేయకుండా పాలసీ పెట్టింది ఆయనే. ఆఫీసు మొత్తంలో జేబులో పెన్‌డ్రైవు వేసుకుని తిరిగేదీ ఆయనే. ఖాళీ ల్యాప్‌టాప్‌కు విండోస్ ఎక్కించాలంటే అది ఉండాలట.

పెళ్లిళ్లలో చుట్టాలకు తన ఉద్యోగం చెప్పడం ఆయనకున్న పెద్ద కష్టం.

“సాఫ్ట్‌వేరేగా? కోడింగా?”

“కాదు పెదనాన్నా.”

“టెస్టింగా?”

“కాదు. ఆఫీసులో అందరి కంప్యూటర్లకూ కావలసిన సాఫ్ట్‌వేరు నేను పంపిస్తుంటాను. అది చేరిందో లేదో చూసుకుంటాను.”

పెదనాన్న కాసేపు ఆలోచించి, “కొరియరన్నమాట” అంటాడు. ప్యాచింగాయన కాదనలేడు. ఇన్నేళ్లలో ఆయన ఉద్యోగాన్ని అంత తేలిగ్గా చెప్పిన మేనేజరు కూడా లేడు.

ఈ కొరియరుకు వాడే సరంజామా పాతదే. 1994లో మైక్రోసాఫ్ట్ దాన్ని సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్ అని, ముద్దుగా ఎస్‌ఎంఎస్ అని విడుదల చేసింది. 2007 వెర్షన్‌తో సిస్టమ్ సెంటర్ కాన్ఫిగరేషన్ మేనేజర్, పొట్టిగా ఎస్‌సీసీఎం, అయింది. 2019లో ఎండ్‌పాయింట్ కాన్ఫిగరేషన్ మేనేజర్ అన్నారు. అదీ నచ్చక ఇప్పుడు మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్ అంటున్నారు. పేరు మారినప్పుడల్లా ఆయన రెజ్యూమెలో ఒక వరస పెరిగింది, జీతం పెరిగిన దాఖలా లేదు. జనం మాత్రం ఎస్‌సీసీఎం దగ్గరే ఆగిపోయారు. ప్రతి కంప్యూటర్లోనూ కూర్చుని సర్వరు మాట వినే సర్వీసుకైతే నేటికీ ‘ఎస్‌ఎంఎస్ ఏజెంట్ హోస్ట్’ అనే పేరు. అక్కడి దాకా ఏ పేరు మార్పూ వెళ్లలేదు. సర్వరు పంపినవి చాలామటుకు అంతే, ఒకపట్టాన చేరవు.

ఎస్‌ఎంఎస్ అంటే ‘స్లో మూవింగ్ సాఫ్ట్‌వేర్’ అని ఆ రోజుల్లోనే అడ్మిన్లు నవ్వుకునేవారు. ఆ నిదానం ఆయన ఒంటికీ పట్టింది.

“అన్నా, పంపావా?”

“పంపాను.”

“రాలేదే?”

“వస్తుంది.”

“ఎప్పుడు?”

“నీ మెషీను వచ్చి అడిగినప్పుడు.”

ఆయన తప్పించుకుంటున్నాడనుకుంటాం గానీ, చెప్పింది అక్షరాలా నిజం. సర్వరు ఆదేశం రాసి పెడుతుంది. కంప్యూటరు గంటకోసారి వచ్చి “నాకేమైనా ఉందా?” అని అడిగి పట్టుకెళుతుంది. తర్వాత దగ్గర్లోని డిస్ట్రిబ్యూషన్ పాయింటు వెతుక్కోవాలి, ఫైళ్లు దించుకోవాలి, ఇన్‌స్టాల్ చేయాలి, చేశానని రిపోర్టు చేయాలి. ఆ రిపోర్టు లెక్కకెక్కి తెర మీద కనపడాలి. మరీ తొందర పెడితే కంట్రోల్ ప్యానెల్ తెరిచి, యాక్షన్స్ ట్యాబ్‌లో ఉన్నవన్నీ పైనుంచి కిందికి వరసగా ‘రన్ నౌ’ కొడతాడు. అందులో సగానికి ఈ సమస్యతో సంబంధం ఉండదని ఆయనకు తెలుసు. అయినా ఒక్కటి వదలడు.

మనుషుల మాట ఆయన నమ్మడు. “నేనేం చేయలేదు, దానంతటదే పోయింది” అన్న మాటను అసలే నమ్మడు. ఆయన నమ్మేది విండోస్ ఫోల్డర్లో, సీసీఎం అనే ఫోల్డర్లో ఉండే లాగ్ ఫైళ్లను. పాలసీ అందిందా అంటే పాలసీఏజెంట్, సర్వరు ఎక్కడుందో కనిపెట్టిందా అంటే లొకేషన్‌సర్వీసెస్, ఫైళ్లు దిగాయా అంటే కంటెంట్‌ట్రాన్స్‌ఫర్‌మేనేజర్, ఇన్‌స్టాలైందా అంటే యాప్‌ఎన్‌ఫోర్స్. ఈ వరస ఆయన నిద్రలోనూ చెప్పగలడు. కొత్తగా చేరిన కుర్రాడు సీఎంట్రేస్‌లో లాగ్ తెరిచి, ఎర్రగా వెలిగే లైను చూసి, “అన్నా, ఎర్రర్!” అని అరుస్తాడు. ఆయన కుర్చీలోంచి కదలకుండా, “మొత్తం చదువు” అంటాడు. అక్కడ ‘ఎర్రర్ కోడ్ సున్నా’ అని ఉంటుంది, అంటే ఏ ఎర్రరూ లేదని. ఆ మాట కనపడితే చాలు, సీఎంట్రేస్ ఎరుపు పూసేస్తుంది. ఎరుపును చూసి భయపడటం మానినవాడే అడ్మిన్ అని ఆయన సిద్ధాంతం.

ఆయన పని తీరు తెలియాలంటే ఒక టిక్కెట్టు వెంట వెళ్లాలి. ఫైనాన్స్ విభాగం నుంచి పెద్దావిడ ఫోన్.

“బాబూ, ఆ కొత్త సాఫ్ట్‌వేరు ఫెయిలైందని వస్తోంది.”

“ఒకసారి తెరిచి చూడండి మేడమ్, తెరుచుకుంటోందా?”

“తెరుచుకోవడమేమిటి బాబూ, పొద్దుటినుంచీ దాంట్లోనే పని చేస్తున్నాను.”

ప్యాచింగాయన కళ్లలో వెలుగు వస్తుంది. ఆవిడ తెర మీద కోడ్ చదువుతుంటే సగంలోనే అందుకుంటాడు: “జీరో ఎక్స్ ఎయిట్ సెవెన్ డీ, జీరో జీరో త్రీ టూ ఫోర్. అదే కదా మేడమ్?” ఆవిడ ఇది మనిషా జ్యోతిష్కుడా అనుకుంటుంది. ఇన్‌స్టాల్ పూర్తయింది, కానీ అయినట్టు ఆనవాలు కనపడలేదు అని ఆ కోడ్‌కు అర్థం. యాప్‌ఎన్‌ఫోర్స్ తెరిస్తే ఎగ్జిట్ కోడ్ సున్నా, అంటే బ్రహ్మాండంగా ఎక్కింది. పక్కనే యాప్‌డిస్కవరీ తెరిస్తే, అలాంటిది ఈ మెషీన్లో లేదని రాసి ఉంది. ఎక్కిందో లేదో తేల్చడానికి పెట్టిన డిటెక్షన్ రూలు ఫైలు వెర్షన్ 8.2.0 ‘కి సమానం’ అయితేనే ఒప్పుకుంటానంటోంది. అమ్మినవాడు చడీచప్పుడు లేకుండా 8.2.1 పంపాడు. పింఛనుదారు స్వయంగా వచ్చి కౌంటరు ముందు నిలబడితే, లైఫ్ సర్టిఫికెట్ లేదు కాబట్టి మీరు బతికిలేరని పంపేసే గుమస్తాలాంటి రూలన్నమాట. పైగా సర్వరు లెక్కలో సాఫ్ట్‌వేరు లేదు కాబట్టి, వీలు చిక్కినప్పుడల్లా దాన్ని మళ్లీ ఎక్కించబోతుంది.

ఆయన రూల్లో ‘సమానం’ తీసి ‘సమానం లేదా ఎక్కువ’ అని పెడతాడు. పని అర నిమిషం, వెతుకులాట ఒక పూట. టిక్కెట్టు మూసేటప్పుడు కారణం గళ్లో ‘డిటెక్షన్ మెథడ్ సవరించబడినది’ అని రాస్తాడు. ఫైనాన్స్ ఆవిడ మాత్రం, “ఏమీ చేయలేదుట, దానంతటదే సర్దుకుందిట” అని పక్క సీటుకు చెబుతుంది.

ఇక పెద్ద పంచాయితీ నెట్‌వర్క్ వాళ్లతో. ఒక అంతస్తు మొత్తానికి డౌన్‌లోడ్ సున్నా శాతం దగ్గర ఆగిపోతుంది. అర్ధరాత్రి కాల్‌లో పది మంది చేరతారు.

“మా వైపు అంతా క్లియర్ బాస్” అంటారు నెట్‌వర్క్ వాళ్లు.

“ఈమధ్య ఏమైనా మార్చారా?”

“ఏమీ మార్చలేదు.”

“నాలుగో అంతస్తుకు కొత్త సబ్‌నెట్ ఎప్పుడు వచ్చింది?”

“ఓ, అదా! పోయిన వారం. అది మార్పు కాదు బాస్, యాడ్ చేశామంతే.”

ఏ ఐపీ అడ్రసు ఏ బౌండరీ గ్రూపులో ఉంటే ఆ గ్రూపుకు రాసిపెట్టిన డిస్ట్రిబ్యూషన్ పాయింటు నుంచే ఫైళ్లు వస్తాయి. కొత్త సబ్‌నెట్ ఏ గ్రూపులోనూ లేదు. కాబట్టి ఆ అంతస్తు జనం ఆఫీసులో కూర్చునే ఊరూ పేరూ లేనివాళ్లయ్యారు. ఆయన ఏమీ అనడు. బౌండరీ చేర్చి, మళ్లీ మ్యూట్‌లోకి వెళ్లిపోతాడు. ఆ మ్యూట్‌లో ఏమంటాడో ఏ లాగ్‌లోనూ నమోదు కాదు.

ఇవన్నీ పై గొడవలు. ఆయనకు నిజంగా నిద్ర పట్టనిది తనకంటే ముందు పనిచేసినవాళ్లు వదిలివెళ్లిన కలెక్షన్లతో. ఏ కంప్యూటర్లకు ఏది పంపాలో చెప్పే జాబితాలే కలెక్షన్లు. తెరవగానే ‘టెస్ట్’, ‘టెస్ట్ 2’, ‘టెస్ట్ ఫైనల్’, ‘టెస్ట్ ఫైనల్ కొత్తది’. వాటి కింద ‘అడగకుండా తీసేయవద్దు’. ఎవరిని అడగాలో లేదు. దాన్నిండా వందల కంప్యూటర్లు, అందులో సగం ఏనాడో స్క్రాపుకు పోయినవి. అన్నిటికీ ఇంక్రిమెంటల్ అప్‌డేట్ టిక్కు పెట్టి ఉంటుంది, ఎవరి పని వాళ్లకు అర్జంటు కదా. ఆ టిక్కు రెండు వందల కలెక్షన్లకు మించనివ్వద్దని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. సర్వరు ఎందుకు ఆయాసపడుతోందో ఆయనకు అక్కడ తెలుస్తుంది.

అందుకే ఒక శనివారం పట్టుబట్టి సర్దుతాడు. సర్వర్లకో ఫోల్డరు, ల్యాప్‌టాప్‌లకో ఫోల్డరు, ప్యాచింగుకో ఫోల్డరు. ప్రతి పేరులోనూ ముందు విభాగం, తర్వాత ఊరు, తర్వాత పని. ఈ పద్ధతిని పదహారు పేజీల డాక్యుమెంటుగా రాసి అందరికీ మెయిల్ చేస్తాడు. సోమవారం పొద్దున కన్సోల్ తెరిస్తే, ఫోల్డర్లన్నిటికీ బయట, నడిబొడ్డున, కొత్త కలెక్షన్ ఒకటి: ‘టెస్ట్ 3’.

ఇంత చాదస్తం అవసరమా అని అడిగితే ఆయన ఒకే ఒక కథ చెబుతాడు, అదీ గొంతు తగ్గించి. 2014 మేలో, అమెరికాలో, అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీలో, విండోస్ 7 కొత్తగా ఎక్కించే ఆదేశం పొరపాటున అక్కడి విండోస్ కంప్యూటర్లన్నిటికీ వెళ్లింది. డిస్కు చెరిపి మొదటినుంచి ఎక్కించడం దాని పని. డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌లు, సర్వర్లు అన్నీ వరసలో నిలబడ్డాయి. విషయం తెలిసి ఎస్‌సీసీఎం సర్వరు ఆపేద్దామని పరిగెత్తేసరికి, అది తన ఆదేశాన్ని తానే పాటించి, తన డిస్కును తానే చెరిపేసుకుంది. ఈ కథకు మనం నవ్వుతాం. ఆయన నవ్వడు. అదే గుండీ ఆయన మౌసు కింద రోజూ ఉంటుంది.

ఆయన నిదానంలోని గుట్టు ఇక్కడే ఉంది. మనకు బద్ధకంలా కనపడేది ఆయనకు భయం. అందుకే ఏదైనా ముందు తన టీం కంప్యూటర్లకు పంపుతాడు, తర్వాత ప్రతి విభాగంలోనూ నలుగురికి, ఆ తర్వాతే ఊరంతటికీ. 2024 జులై 19న ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేరు పంపిన తప్పుడు ఫైలు ఒక్కపూటలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నీలి తెర దగ్గర నిలబెట్టింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ రోజు ఆయన మొదట అన్న మాట “అది నేను పంపింది కాదు”. రెండో మాట “ముందు నలుగురికి పంపి చూసుకోవాల్సింది”.

అలాగని పంపకుండా కూర్చునే వీలూ లేదు. ఏ పనైనా మంగళవారం మొదలుపెట్టకూడదని మన అమ్మమ్మలు చెబుతూనే ఉన్నారు. మైక్రోసాఫ్ట్ మాత్రం 2003 నుంచీ ప్రతి నెలా రెండో మంగళవారమే ప్యాచ్‌లు విడుదల చేస్తోంది. అక్కడ పొద్దున పదిగంటలైతే, కాలాన్నిబట్టి మనకు రాత్రి పదిన్నరో పదకొండున్నరో. ఆ రాత్రి ఆయన ఇంట్లో శుభకార్యం పెట్టుకోరు. 2017 మార్చి నెల ప్యాచ్ వేసుకోని కంప్యూటర్ల మీదే మే నెలలో వనాక్రై విరుచుకుపడింది. మధ్యలో రెండు నెలల గడువుంది. “ఇప్పుడు రీస్టార్టులు వద్దు, క్వార్టర్ ఎండ్ నడుస్తోంది” అనే మేనేజరు ఎదురైనప్పుడల్లా ఆయన ఈ రెండు తేదీలూ అప్పజెబుతాడు.

రీస్టార్ట్ పేరెత్తితే చాలు, ఆఫీసంతా ఆయనకు శత్రువే. తెర మూల వచ్చే ఆ కబురును జనం ఎంత కసిగా మూసేస్తారో ఆయనకు లెక్కలతో సహా తెలుసు. “మీటింగులో ఉండగా షట్‌డౌన్ చేశావేంటి భయ్యా!” అని నిలదీసినవాడు అంతకు ముందు ఎన్నిసార్లు వాయిదా వేశాడో చూపించగలడు, కానీ చూపించడు. జులై చివరి శుక్రవారం సిస్టమ్ అడ్మిన్లకు కృతజ్ఞతలు చెప్పే రోజు. 2000లో మొదలైన ఆచారం. ఆఫీసులో ఆ రోజు కేకు కోస్తారు. ఆయన ముక్క డబ్బాలోనే ఉండిపోతుంది, ఎందుకంటే ఆయన కాల్‌లో ఉంటాడు.

ఒక నెల ఒక వింత జరిగింది. ప్యాచ్ కంప్లయన్స్ రిపోర్టు నూటికి నూరు చూపించింది. ఎప్పుడూ తొంభై ఐదు దాటితే పండగ. మేనేజరు అమెరికా దాకా అభినందన మెయిలు కొట్టాడు. ప్యాచింగాయన ముఖం మాత్రం వాడిపోయింది. నూరు శాతం అనే అంకె ఆయన దృష్టిలో ఎర్ర గీత. రాత్రంతా వెతికితే తేలిందేమిటంటే, చాలాకాలంగా సర్వరును పలకరించని కంప్యూటర్లు శుభ్రపరిచే పనిలో రికార్డుల్లోంచే ఎగిరిపోయాయి. ఫెయిలైనవాళ్ల పేర్లు రిజిస్టరులోంచి కొట్టేస్తే స్కూలంతా పాసే కదా.

అవన్నీ వెతికి మళ్లీ లెక్కలోకి చేర్చాడు. అంకె తొంభై రెండుకు దిగింది. మర్నాడు మేనేజరు పిలిచి అడిగాడు: “నిన్న నూరుంది. రాత్రికి రాత్రి ఏం చేశావయ్యా?”

ప్యాచింగాయన జీవితంలో మొదటిసారి ఆ మాట తనే అన్నాడు: “నేనేం చేయలేదు సార్, దానంతటదే తగ్గింది.”