పి 0171: టీకా తాత్పర్య సహితం

మూలం: పి 0171

అవతారిక: షేక్‌పేట నాలా సిగ్నల్లో ఆగి ఉండగా డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ పసుపుపచ్చగా వెలిగింది. నాయకుడు, అనగా ఓనరు, కలవరపడి షెడ్డు చేరాడు. ఉస్తాద్ స్టీరింగు కింది 16 పిన్నుల సాకెట్లో స్కానర్ గుచ్చి ఈ ఏకపాద కావ్యాన్ని వెలికితీశాడు. కవి ఈసీఎం, అనగా ఇంజనును నడిపే కంప్యూటరు; మితభాషి. కార్లు తమ రోగాన్ని ఈ ఛందస్సులోనే చెప్పుకోవాలని అమెరికాలో 1996 నుంచి, మన దగ్గర 2013 నుంచి నియమం. ఈ ఛందస్సు పేరు ఓబీడీ-2.

ప్రతిపదార్థం: పి = ఇంజను, గేరుబాక్సుల వర్గానికి చెంది; 0 = కంపెనీలన్నిటికీ సమ్మతమైన పాఠమై (ఇక్కడ 1 ఉంటే ఆ కంపెనీవారి గురుముఖతః తెలుసుకోవలసిందే); 1 = గాలి, ఇంధనాల కొలతకు సంబంధించి; 71 = మొదటి సిలిండర్ల వరుసలో మిశ్రమం పలచబడినది. రెండో వరుసకు 0174 వేరే ఉంది. మన చిన్న కార్లకు ఉన్నదే ఒక వరుస కనుక దాని జోలి వద్దు.

తాత్పర్యం: బరువులో 1 పాలు పెట్రోలుకు 14.7 పాళ్లు గాలి కలవాలి. గాలి ఎక్కువైందో పెట్రోలు తగ్గిందో, పొగలో ఆక్సిజన్ మిగిలిపోతోంది. పెట్రోలు ఎంత పెంచి సర్దినా ఇక నావల్ల కాదని కవి మొర.

విశేషం: "ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నా, మార్చాలె" అని ఉస్తాద్ వ్యాఖ్య. ఇది చింత్యం. మూలంలో సెన్సర్ ఊసే లేదు. మూలంలో లేనిది రాయనని ఒట్టేసుకున్న కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరిది ఈ తెలంగాణలోని కొలిచెలమే, నేటి మెదక్ జిల్లా కొల్చారం. ఆ నియమం షెడ్ల దాకా రాలేదు. సెన్సర్ చేసిన నేరమల్లా చూసింది చెప్పడం.

అన్వయం: కోడు పడిన క్షణాన వేగం, ఆర్‌పీఎం, ఇంజను వేడి, ఇంధన సవరణ శాతం ఎంతెంత ఉన్నాయో ఈసీఎం పక్కన రాసిపెట్టుకుంటుంది. అదే ఫ్రీజ్ ఫ్రేమ్. కీలకమంతా అక్కడే. బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు సవరణ పెరిగి, రేస్ చేస్తే దిగుతోందా, ఏదో వాక్యూమ్ పైపు చిట్లి దొంగగాలి పీలుస్తోందని అనుమానించాలి. ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కేటప్పుడే పెరుగుతోందా, పెట్రోలు పంపు, ఫిల్టరు చూడాలి. మన నాయకుడు సిగ్నల్లో ఆగి ఉన్నాడు కదా! సెన్సరు కొనేముందు పైపులు తడిమి చూడవలె.

లేఖక దోషం: "ఏం కాదన్నా, కోడు కొట్టేస్తా" అనేది మరో శాఖ. ఎరేజ్ నొక్కితే కోడుతోపాటు ఫ్రీజ్ ఫ్రేమూ పోతుంది. తప్పున్న తాళపత్రాన్ని కాల్చేసి పరిష్కరణ అయిందనడమే ఇది. పైపు చిట్లే ఉంటే కావ్యం మళ్లీ పుడుతుంది, ఈసారి వీసా ఇంటర్వ్యూకు పోతుండగా. కనుక ముందు స్క్రీను ఫోటో తీయాలి, తర్వాత మరమ్మతు, చెరపడం ఆఖరున. అసలు మరమ్మతు సరిగ్గా జరిగితే, తప్పు లేకుండా వరుసగా మూడు డ్రైవింగ్ సైకిళ్లు గడిచాక లైటు సాధారణంగా తానే ఆరిపోతుంది. ఈ రహస్యం బిల్లులో రాయరు.

ఇక ఆ బొమ్మ నిలకడగా వెలగక టపటపా కొట్టుకుంటుంటే అది పి 0300 కుటుంబపు కావ్యం: మిస్‌ఫైర్. కాలని పెట్రోలు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాలుస్తుంది. దానికి టీకా వెతుక్కోకుండా బండి పక్కకు తీసి ఆపేయవలె.