రెండు తొట్ల రాజవైభోగం

తుళ్లూరులో కొత్తగా ఇల్లు కడుతున్నవారు ఎదురైతే సిమెంటు ధర అడక్కండి, ఇసుక ఎక్కణ్నుంచి తోలించారని అడక్కండి. వంటింట్లో సింకు సింగిలా, డబులా అని అడగండి. "డబులేనండీ" అంటారు. ఆ అనడంలో ఓ రొమ్ము విరుపు ఉంటుంది. వెనకటికి ఇదే ఊళ్లో "మీకు ఒంటెద్దా, జతా?" అని అడిగితే జవాబులో ఉండేది సరిగ్గా అదే విరుపు.

అప్పటి జతలు ఇప్పుడెక్కడున్నాయి? 2015లో రాజధాని కోసం భూసమీకరణకు పొలాలిచ్చేసి, మెట్ట ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలమూ 250 గజాల వాణిజ్య స్థలమూ కాగితం మీద రాయించుకున్న ఊరిది. పత్తి పోయింది, మిరప కల్లాలు పోయాయి, వాటి వెనకే గొడ్లూ పోయాయి. జత అనేది ఇంట్లో ఏదో ఒకటి ఉండాలిగా! అది వచ్చి వంటింటి గట్టెక్కి కూర్చుంది.

డబుల్ సింకు అవసరమని చెప్పేవాళ్ల మొదటి మాట ఒకటుంది: ఒకదాంట్లో తోముకోవచ్చు, ఇంకోదాంట్లో కడుక్కోవచ్చు. వినడానికి బానే ఉంది. పుట్టినచోట అది నిజం కూడా. చలిదేశాల్లో కుళాయి తిప్పేసి దాని కింద తోమరు. ఒక తొట్టికి బిరడా బిగించి, వేడినీళ్లు నింపి, సబ్బు కలిపి పళ్లాలన్నీ ముంచుతారు. రెండో తొట్టిలో మంచినీళ్లు పట్టి జాడిస్తారు. తొట్లు రెండూ నిండాలి, బిరడాలు రెండూ బిగియాలి. అప్పుడు నీళ్లూ ఆదా అవుతాయి, కాదనను.

మన ఇళ్లలో ఆ పద్ధతి ఏనాడైనా ఉందా? ఎంగిలి కంచం ముంచిన నీళ్లలో ఇంకో గిన్నె ముంచితే మన ఇళ్లలో పెద్దావిడ ఆ పూట భోజనానికి లేవదు. మనది పారే నీటి మతం. గిన్నె పట్టుకున్నామా, పీచుతో రుద్దామా, ధార కింద తిప్పి బోర్లించామా. ఈ మూడు పనులూ ఒక్క కుళాయి కిందే అయిపోతాయి. కుళాయేమో ఒక్కటే ఉంది. మెడ అటూ ఇటూ తిరుగుతుందనుకోండి, అయినా నీళ్లు ఒక్కసారి ఒక్క తొట్లోనే పడతాయి. ఇక రెండోదాని ఉద్యోగం ఏమిటి?

గుంటూరులో ఒక కొట్టు యజమానిని ఇదే అడిగాను.

"రెండోది దేనికయ్యా?"

"లుక్కుకండీ."

ఇంత నిజాయితీగా వ్యాపారం చేసేవాణ్ని ఈమధ్య కాలంలో చూళ్లేదు. "మరి బిరడాలు?" అన్నాను. అట్టపెట్టెలో ఉంటాయన్నాడు. నిజమే, ఉంటాయి. గృహప్రవేశం రోజున ఆ అట్టపెట్టె అటకెక్కుతుంది. మళ్లీ ఆ బిరడాల మొహం చూసేది ఇల్లు అమ్మేటప్పుడే.

ఇక కొలతల దగ్గరికొద్దాం. అసలు తమాషా అక్కడుంది. కొట్లో ఎక్కువగా చూపించే డబుల్ సింకు 37 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు. అంటే మూడడుగుల పైన. అంచులూ నడిమి గోడా పోగా ఒక్కో తొట్టి పదహారు అంగుళాలకు అటూ ఇటూ తేలుతుంది. ఇప్పుడు మీ ఐదు లీటర్ల కుక్కర్ తీసి, పిడితో కలిపి కొలవండి. అడుగున్నరకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. తొట్లో పెడితే పిడి నడిమి గోడెక్కి పక్క తొట్లోకి తొంగి చూస్తుంది. బాండీ పెడితే ఐమూలగా పడుకుంటుంది. పెనాన్ని నిలబెట్టి తోమాలి. బిర్యానీ డేగిసా సంగతి ఎత్తనే వద్దు.

ఇక ఆవకాయ బేసిన్. గుంటూరు మిర్చి యార్డు పక్కన పెట్టుకుని ఆవకాయ కొనుక్కుతినే రోజులు మనకింకా పూర్తిగా రాలేదు. మే నెలలో కారం, ఆవపిండి, ఉప్పు, నూనె కలిపి, ముక్కల్ని జాడీలోకి ఎత్తాక మిగిలే ఆ రెండడుగుల బేసిన్‌ని, ఎర్రగా జిడ్డోడుతున్నదాన్ని, ఈ జంట తొట్లలో ఎక్కడ కడుగుతారో చూడాలని నా కోరిక. నడిమి గోడ మీద దాన్ని ఊయలలా నిలబెట్టి నీళ్లు పోస్తే కారం నీళ్లన్నీ చీర మీదికే. రెండు చిన్న తొట్లు కలిస్తే ఒక పెద్ద తొట్టి అవుతుందని ఏ లెక్కల మాస్టారూ చెప్పలేదు. మనమే అనుకున్నాం.

పైగా ఆ సింకు కోసం కోసేది ఏ రాయి? ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, దేశదేశాలవాళ్లు ఓడల్లో తెప్పించుకునే రాయి. దగ్గరి జిల్లాయే కదా అని ముచ్చటపడి తెచ్చి, పరిచి, అందులో మూడడుగుల మేర బొక్క కొట్టిస్తున్నాం. ఎనిమిదడుగుల గట్టులో సింకు మూడు, పొయ్యి రెండున్నర తినేస్తే మిగిలింది రెండున్నర. అందులోనే మిక్సీ, నీళ్ల ఫిల్టరు, పోపులడబ్బా, కత్తిపీట మానేసి కొన్న కూరగాయల పలకా. చపాతీలు డైనింగ్ టేబుల్ మీద వత్తుకోండి.

ఇంత హంగామా చేసి కట్టాక ఆ సింకులో జరిగేదేమిటో చాలా ఇళ్లలో చూశాను. ఒక తొట్లో మంచినీళ్ల గ్లాసొకటి, టీ వడకట్టొకటి. రెండోదాంట్లో తడిసిన పాల ప్యాకెట్లు, వాటి మీద ఒక బొద్దింక. అంట్లు ఎక్కడున్నాయంటారా? వెనక వాష్ ఏరియాలో. అక్కడ నేలబారు కుళాయి, చిన్న పీట, గచ్చు. పొద్దున్నే పనిమనిషి వచ్చి ఆ పీట మీద కూర్చుని, కుక్కర్‌నీ డేగిసానీ చుట్టూ పేర్చుకుని హాయిగా తోమేసి పోతుంది. ఆవిడకి నడిమి గోడ బాధ లేదు. ఇల్లు మొత్తం మీద సరైన సింకు ఆ గచ్చే. దాన్ని మాత్రం ఎవరూ చుట్టాలకి చూపించరు.

డబుల్ కావాలని ఎవరు తేల్చారు అని అడిగితే ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క పెద్దమనిషి. ఒకచోట మేస్త్రీ. ఒకచోట సిద్ధాంతిగారు, ఆగ్నేయంలో పొయ్యి, ఈశాన్యంలో నీళ్లు అన్నంతవరకూ ఆయన శాస్త్రం మాట్లాడారు, తొట్ల లెక్క దగ్గరికొచ్చేసరికి "రెండుంటే శుభం" అని తేల్చేశారు. ఇంకోచోట డల్లాస్‌లో ఉన్న అబ్బాయి వీడియో కాల్లో. వాళ్లింట్లో డబులుందట. ఆ అబ్బాయి ఇంట్లో సింకు పక్కనే గిన్నెలు కడిగే యంత్రం ఉందని, గిన్నెలన్నీ అదే కడుగుతుందని మాత్రం నాన్నకు చెప్పలేదు. అసలు అక్కడ ఇప్పుడు కొత్త ఇళ్లు కట్టుకునేవాళ్లు చాలామంది పళ్లాల్ని యంత్రానికి అప్పగించి, పెద్ద గిన్నెల కోసం ఒక్కటే వెడల్పాటి తొట్టి పెట్టించుకుంటున్నారు. వాళ్లు వదిలించుకుంటున్నదాన్ని మనం ముహూర్తం చూసి బిగిస్తున్నాం.

ఇంతమంది తేల్చారు గదా, తోమే మనిషిని అడిగారా? ఒక ఇల్లాలిని అడిగాను, "ఏమ్మా, నిన్నెవరన్నా అడిగారా?" అని. "అడిగారు బాబాయ్, టైల్సు ఏ రంగు కావాలని" అంది.

ఈ మాట వేరే ఊళ్లో విని ఉంటే నవ్వేసి ఊరుకునేవాణ్ని. తుళ్లూరులో విన్నాను కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట వినబడ్డాక ఇక్కడ దీక్షా శిబిరంలో 1,600 రోజులకు పైగా కూర్చున్నది ఎవరు? ముందు వరసలో ఆడవాళ్లే. 2021 నవంబరు 1న ఇక్కణ్నుంచి 'న్యాయస్థానం నుంచి దేవస్థానం' అని బయల్దేరి తిరుపతి దాకా కాలినడకన పోయినవాళ్లలో ఎంతమంది ఆడవాళ్లు! లాఠీలకు జడవలేదు, కేసులకు జడవలేదు. రాజధాని ఎక్కడుండాలో, ఎన్నుండాలో రాష్ట్రానికంతటికీ చెప్పగలిగిన మనుషుల్ని పట్టుకుని, వాళ్ల వంటింట్లో తొట్లు ఎన్నుండాలో అడగాలని ఇంటి మగాళ్లకు తోచలేదు. రంగు అడిగారట.

ఇది ఒక్క తుళ్లూరు మగాళ్ల ఘనతే కాదులెండి. 2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారని, మగవాళ్లలో ఆ పని చేసేవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేల్చింది. అసలు ఆ పని ముట్టుకునే మగాళ్లే నూటికి పాతికమందికి కాస్త పైన. సింకు కొట్లో టేపు పట్టుకుని నిలబడే మగాళ్లు నూటికెంతమందో ఎవరూ సర్వే చెయ్యలేదు.

జర్మనీలో 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు అని ఒకటి తయారైంది. నేటి గట్టు వంటిళ్లకు పెద్దమ్మ లాంటిది. దాన్ని గీసిన మార్గరెటే షూటె లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్ట్, పొయ్యి దగ్గర్నుంచి తొట్టి దాకా ఎన్ని అడుగులు, ఏ పనికి ఎంతసేపు అని లెక్కలు గట్టి మరీ గీసింది. గీసేనాటికి తనకు వంట రాదని తర్వాత ఆవిడే ఒప్పుకుంది. వంట రాకపోయినా కొలతలు వచ్చు. మనవాళ్లకు ఆ రెండోది కూడా లేదు. శాసనసభ ఆకారం కోసం లండన్ నుంచి నార్మన్ ఫోస్టర్ సంస్థను పిలిపించి, 2017లో సినిమా దర్శకుడు రాజమౌళి సలహా కూడా తీసుకున్న నేల ఇది. వంటింటికి వచ్చేసరికి సలహాదారు లుక్కు.

కిందికి వంగి చూసినవారికి ఇంకో ముచ్చట కనబడుతుంది. రెండు తొట్లకు రెండు జాలీలు, రెండు గొట్టాలు. జానెడు దూరం పోగానే ఆ రెండూ కలిసిపోయి ఒక్క గొట్టమై గోడలోకి దూరతాయి. వెనకటికి బియ్యం కడుగూ గంజీ మిగిలిన అన్నమూ కుడితి గోలెంలోకి పోయేవి, గేదె శుభ్రంగా తాగేది. ఇప్పుడు గేదె లేదు, ఆ కుడితంతా ఈ గొట్టానికే. మెతుకులూ కరివేపాకూ చింతపండు పిప్పీ జిడ్డుతో కలిసి గట్టిపడితే, కుడి తొట్లో పోసిన నీళ్లు ఎడమ తొట్లో పైకి లేస్తాయి. మాంసం కడిగే తొట్టి వేరు, కూరగాయలు కడిగే తొట్టి వేరు అని ఎంతో నిష్ఠగా విడదీసుకున్న ఇళ్లలో ఆ రోజున జరిగే సంగమం చూసి తీరాలి. కార్తీకమాసంలో అయితే మరీ రంజు.

మూడు తొట్ల సింకులు కూడా వచ్చాయి, నడుమ కూరగాయలకని బుల్లి తొట్టితో. తుళ్లూరువైపు మాత్రం ఆ సరుకు తేవద్దని వ్యాపారులకు నా మనవి. మూడు అనే అంకె ఈ ఊళ్లో చెల్లదు.

డబుల్ ఎక్కడా పనికిరాదని అనడం లేదు. పన్నెండు, పదమూడడుగుల గట్టుండి, 45 అంగుళాల సింకు పట్టి, ఒకేసారి ఇద్దరు నిలబడి పనిచేసుకునే ఉమ్మడి వంటిల్లయితే పెట్టుకోండి. గిన్నెలు నానబెట్టే అలవాటున్నా, రెండో తొట్లో తట్ట పెట్టి బోర్లించుకునే ఓపికున్నా పెట్టుకోండి. కానీ 2025 మే 2న రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాక, వెలగపూడి సచివాలయం ఉద్యోగులకూ ఐనవోలు, నీరుకొండ విశ్వవిద్యాలయాల పిల్లలకూ అద్దెకివ్వొచ్చని లేపుతున్న రెండు గదుల పోర్షన్లలో కూడా ఇదే బిగిస్తున్నారే, అక్కడ నాకు అభ్యంతరం. మ్యాగీ ఉడికించుకునే కుర్రాడికి ఉన్నది ఒక గిన్నె, ఒక చెంచా. గిన్నెకొక తొట్టి, చెంచాకొక తొట్టి అనా?

ఆ రెండో తొట్టికి పెట్టే డబ్బు రేకులో పెట్టండి. గేజీ అంకె పెరిగేకొద్దీ రేకు పలచనవుతుంది. 16 మందం, 20 పలచన. "మాది ఇరవై గేజీ" అని మీసం దువ్వుకున్నవారిని నేనెరుగుదును. 304 రకం అని అడగండి. అందులో క్రోమియం నూటికి 18, నికెల్ 8 పాళ్లుంటాయి, ఉప్పుకూ పులుపుకూ తట్టుకుంటుంది. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 202 రకం చవక. చింతపండు, నిమ్మకాయ, ఆవకాయ ఉప్పు రోజూ పడే మన వంటింట్లో దానికి తుప్పు మచ్చలు తొందరగా వస్తాయి. ఒకే ధరకు పలచటి 202 డబులూ మందపాటి 304 సింగిలూ పక్కపక్కన పెడితే నూటికి తొంభైమంది డబులే ఎత్తుకుపోతారని నా అనుమానం.

మీరు ఆ తొంభైమందిలో ఉండదలుచుకోకపోతే ఒక పని చెయ్యండి. సింకు కొనడానికి వెళ్లేటప్పుడు టేపు మరిచిపోయినా ఫర్వాలేదు, ఇంట్లో అంట్లు తోమే మనిషినీ ఆవకాయ బేసిన్‌నీ వెంటబెట్టుకెళ్లండి. గుంటూరు బస్సులో ఎవరన్నా చూసి నవ్వితే నవ్వనివ్వండి. కొట్లో బేసిన్‌ని సింకులో దించమని ఆవిడకే చెప్పండి. దిగితే డబ్బు కట్టండి. దిగకపోతే టీ తాగి వచ్చెయ్యండి, లుక్కు సంగతి కొట్టువాడు చూసుకుంటాడు.