మినీసూటు పద్యం: సటీకా తాత్పర్యం

అవతారిక

పూర్వకవులు పద్యం రాసి వెళ్లిపోతే, అందులో ఏముందో తేల్చే భారం తరవాతివాళ్ల మీద పడేది. ఈ పద్యానికి ఆ ఇబ్బంది లేదు. మూలమూ నాదే, వ్యాఖ్యానమూ నాదే. కాబట్టి కవిహృదయం గురించి ఎవరూ తగువు పడనక్కరలేదు.

ఏ గ్రంథానికైనా ముందుగా విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ చెప్పాలని పెద్దలు. ఇక్కడ విషయం: పెద్ద క్రూయిజ్ ఓడలో మినీసూటు అనే గదిని ఎన్నుకోవడం. ప్రయోజనం: రాత్రి నిద్ర, పగలు సముద్ర దర్శనం, రెండు పూటలా దాంపత్య శాంతి. సంబంధం: గదికీ క్రెడిట్ కార్డుకీ ఉన్నదే. ఇక అధికారి, అంటే ఈ పద్యం చదవడానికి అర్హత గలవాడు: అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ, వేసవికి వచ్చిన అమ్మానాన్నలకు అలాస్కా చూపించాలని ముచ్చటపడే కొడుకో కూతురో.

అయితే ఆ అమ్మానాన్నల భారతీయ పాస్‌పోర్టుల్లో కెనడా వీసా కూడా ఉండాలి. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగినా, దారిలో ఓడ మామూలుగా కెనడాలోని విక్టోరియాకు వెళ్లి వస్తుంది. పరాయి జెండా ఎగరేసే ఓడ అమెరికా రేవుల మధ్యే జనాన్ని తిప్పకూడదని 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. దాని కోసం ఏదో ఒక విదేశీ రేవును తాకి రావాలి. వీసా లేనివారు ఈ టీకకు అనధికారులు.

మూలం

మధ్యభాగమందు మంచి మినీసూటు
పైన కింద చూచి పట్టవలయు
బాలుకనికి కప్పు, పడవ లడ్డు గలవొ
చూడకున్న ధనము సుడులపాలు

టీక

మధ్యభాగమందు = ఓడ ముక్కుకూ తోకకూ సమదూరంలో ఉన్నచోట; మంచి = బ్రోషరులో మాత్రమే కాక, ఎక్కాక కూడా మంచిదైన; మినీసూటు = ఆ పేరుగల గదిని; పైన = నెత్తిమీది అంతస్తును; కింద = కాళ్లకింది అంతస్తును; చూచి = డెక్ ప్లాను తెరిచి పరికించి; పట్టవలయు = బుక్ చేయవలెను; బాలుకనికి = సముద్రంవైపున్న వసారాకు; కప్పు = పైకప్పు; పడవలు = ప్రాణరక్షణకై వేలాడదీసిన లైఫ్‌బోట్లు; అడ్డు గలవొ = చూపుకు అడ్డమై ఉన్నవేమో; చూడకున్న = ఏజెంటు మాటే వేదమనుకొన్నచో; ధనము = డాలర్లు; సుడులపాలు = నీళ్లలో కలిసినట్లే.

వ్యాకరణ విశేషాలు

మినీసూటు: చిన్నదైన సూటు అని కర్మధారయంగా విగ్రహం చెప్పడం బ్రోషరు రాసేవారి మతం. గదిలోకి అడుగుపెట్టినవారి మతం వేరు. ఇది సూట్ల ఇంట పుట్టిన చిన్నది కాదు, బాల్కనీ గదుల ఇంట పుట్టిన పెద్దది. ఉదాహరణకు ప్రిన్సెస్ కంపెనీ వారి గ్రాండ్ తరగతి ఓడలను తీసుకుందాం. వాటిలో మొదటిదైన గ్రాండ్ ప్రిన్సెస్ 1998లో వచ్చినప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రయాణికుల ఓడ. ఆ తరగతిలో మినీసూటు బాల్కనీతో కలిపి సుమారు 323 చదరపు అడుగులు. మంచం, సోఫా, రెండు టీవీలు, స్నానపు తొట్టి ఉంటాయి. మంచానికీ సోఫాకీ మధ్య గోడా తలుపూ ఉండవు. అసలు సూటువారికి జరిగే ఉచిత లాండ్రీ వంటి మర్యాదలు వీరికి జరగవు. 2013లో వచ్చిన రాయల్ ప్రిన్సెస్‌లో ఇదే మినీసూటు 300 చదరపు అడుగుల దగ్గరికి తగ్గింది. ఓడలు పెరిగేకొద్దీ ‘మినీ’ అన్న విశేషణం సార్థకమవుతున్నది.

టీవీలు రెండు ఉన్నందుకు సంతోషించనక్కరలేదు. అమ్మ చూసే సీరియల్ రెండింటిలోనూ రాదు. స్నానపు తొట్టిని బ్రోషరు భోగంగా వర్ణిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న నాన్నకు ఊగే ఓడలో ఆ తొట్టి అంచు దాటడం రోజూ ఒక పరీక్ష. మామూలు బాల్కనీ గదిలో తొట్టి ఉండదు, షవరే ఉంటుంది. పెద్దవాళ్లకు చౌక గదే సుఖమైన గది కావడం ఇక్కడ కనిపించే చమత్కారం.

కప్పు, గలవొ: కర్త ఏకవచనం, క్రియ బహువచనం, అన్వయం ఎలాగని వైయాకరణులు ఆక్షేపించవచ్చు. సగమే కప్పున్న బాల్కనీలు కూడా లోకంలో ఉన్నప్పుడు వచనం విషయంలో కవి తడబడటం సహజం. ఇది ముందు తేటపడుతుంది.

విశేషార్థాలు

మధ్యభాగమందు: అలల మీద ఓడ ముందువెనకలకు ఊగుతుంటే, ఉయ్యాలబల్లకు నడిమి కొయ్యలాగా మధ్యభాగం నిలకడగా ఉంటుంది. లేచిపడేవి రెండు కొసలు. ఎత్తు పెరిగేకొద్దీ పక్కలకు ఊపూ పెరుగుతుంది. ముక్కు దగ్గర గది తీసుకుంటే తెల్లవారుజామున లంగరు గొలుసుల చప్పుడు సుప్రభాతమవుతుంది. తోక దగ్గర తీసుకుంటే రేవు చేరేటప్పుడు గ్లాసులు గలగలమంటాయి. అలాస్కా నీళ్లు దీవుల చాటున ప్రశాంతంగా ఉంటాయి గదా, నడుమ ఎందుకు అని అడగవచ్చు. సియాటిల్ నుంచి బయల్దేరే చాలా ఓడలు వాంకూవర్ ద్వీపానికి బయటివైపు నుంచి, తెరిచి ఉన్న పసిఫిక్ మీదుగానే పోతాయి. కాబట్టి నడుమే మేలు. నడుమ అన్నారు గదా అని లిఫ్టు తలుపుకు ఎదురుగా తీసుకోకూడదు. అర్ధరాత్రి ఐస్‌క్రీముల కోసం తిరిగేవారి మాటలన్నీ మీ చెవికే చేరతాయి.

పైన కింద చూచి: పద్యానికి ప్రాణం ఇక్కడుంది. నెత్తిన ఈతకొలను డెక్కు ఉంటే, వేకువనే సిబ్బంది కుర్చీలు ఈడుస్తారు. బఫే వంటగది ఉంటే బండ్లు దొర్లుతాయి. కాళ్లకింద నాటకశాలో డాన్సు క్లబ్బో ఉంటే, పాట వినపడకుండా దరువు మాత్రమే మంచం కోళ్ల దాకా వస్తుంది. అందుకని పైనా గదులే, కిందా గదులే ఉన్న చోటు వెతకాలన్నది సూత్రం. అంతస్తుల సంఖ్య విషయంలో ఒక హెచ్చరిక. గ్రాండ్ తరగతిలో 12 తరవాత 14 వస్తుంది. రాహుకాలాన్ని ఎగతాళి చేసే అల్లుళ్లు ఈ 13 లేకపోవడం గమనించగలరు.

బాలుకనికి కప్పు: గ్రాండ్ తరగతి ఓడల పక్కభాగం మెట్లుమెట్లుగా ఉంటుంది. మినీసూట్లు ఎక్కువగా తొమ్మిదో అంతస్తు అయిన డాల్ఫిన్ డెక్కు మీద ఉంటాయి. అక్కడి బాల్కనీలు ముందుకు పొడుచుకు వస్తాయి, వాటికి పైకప్పు లేదు. దాని పైది కారిబ్ డెక్కు. అక్కడ బాల్కనీకి సగం కప్పు, సగం ఆకాశం. ఆపైన బాహా డెక్కులో పూర్తి కప్పు. డాల్ఫిన్ డెక్కులో కూర్చుని మీరు తెచ్చుకున్న ఆవకాయ డబ్బా తీస్తే, పై అంతస్తులవారందరూ వంగి చూసి అది ఏమిటని అనుకుంటారు. ఎండ కాచుకోవడానికి వెళ్లే కరీబియన్ యాత్రలో ఇది లోపమే కాదు. అలాస్కా యాత్రలో కెచికన్ వస్తుంది. అమెరికాలో అతి ఎక్కువగా వాన కురిసే ఊళ్లలో అదొకటి. అప్పుడు ఎక్కువ డబ్బు పెట్టి కొన్న వసారాలో కుర్చీలు మాత్రమే కూర్చుంటాయి.

పడవ లడ్డు గలవొ: అదే తరగతిలో ఎనిమిదోదైన ఎమరాల్డ్ డెక్కులో కొన్ని కిటికీలకు ఎదురుగా లైఫ్‌బోట్లు వేలాడతాయి. తక్కువ ధరకు దొరికే ఆ గదుల్లో సముద్రానికి బదులు పడవ వీపు కనిపిస్తుంది. విసుక్కునేవారికి చరిత్ర చెబుతాను. 1912లో టైటానిక్ మునిగేనాటికి దాని మీద పడవలు 20. అవి ఓడలో ఉన్నవారిలో సుమారు సగం మందికి మాత్రమే చాలేవి. ఆ దుర్ఘటన తరవాత 1914లో సముద్రంలో ప్రాణరక్షణకు తొలి అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. మీ కిటికీకి అడ్డం వచ్చినది ఆ ఒప్పందమే. అడ్డు అని తిట్టకండి, ధర తగ్గించమని అడగండి.

ఛందస్సు, పాఠాంతరం, అలంకారం

ఇది ఆటవెలది. ఒక పాదం పొడుగు, ఒక పాదం పొట్టి. నడిసముద్రంలో నడిచే ఓడకు ఇంతకన్న తగిన ఛందస్సు లేదు. యతిస్థానాలు మ-మం, పై-ప, బా-ప, చూ-సు.

రెండో పాదానికి ‘పైసలెల్ల చూచి పట్టవలయు’ అని ఒక పాఠాంతరం. గణభంగం లేదు, యతిభంగం లేదు, నిద్రాభంగం మాత్రం ఉంది. గ్యారంటీ గది తీసుకునేవారి పాఠమిది. తరగతి మాత్రం ఖాయం చేసి, గది నంబరు కంపెనీ ఇష్టానికి వదిలితే కొంత చవక. అప్పుడు పైనా కిందా చూసే హక్కు మీకు ఉండదు.

‘ధనము సుడులపాలు’ అన్నది అతిశయోక్తి అని కొందరు. ధర ఒక్కొక్కరికి ఇంత అని, అదీ గదిలో ఇద్దరుంటారన్న లెక్కన వేస్తారనీ, ఒక్కరే పోతే తరచు ఇద్దరి ధరా కట్టాలనీ, రోజువారీ టిప్పు కూడా గది తరగతిని బట్టి పెరుగుతుందనీ తెలిసినవారు దీన్ని స్వభావోక్తి అంటారు.

పూర్వపక్షం, సిద్ధాంతం

“నిద్రకు తప్ప గదిలో ఎవరుంటారు? కిటికీ లేని లోపలి గది చాలదా?” అని పూర్వపక్షం. రోజుకో రేవులో దిగి తిరిగేవారికి ఈ వాదం చెల్లుతుంది. అయితే అలాస్కాలో గ్లేసియర్ బే అనే అఖాతంలోకి వెళ్లే రోజు వేరు. ఆ రోజు ఓడ ఎక్కడా ఆగి జనాన్ని దించదు. పార్కు రేంజర్లే ఓడెక్కి విశేషాలు చెబుతారు. ఆ అఖాతంలోకి రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ ఓడలకు మించి అనుమతి లేదు. మార్జరీ హిమానీనదం ముందు ఓడ నెమ్మదిగా తిరుగుతుంది కనుక రెండు పక్కలవారికీ దర్శనమవుతుంది. అందుకే కుడా ఎడమా అన్న చర్చతో ఈ టీకను పెంచలేదు. పై డెక్కు మీద చలిగాలిలో జనం మధ్య నిలబడలేని పెద్దవాళ్లకు, శాలువా కప్పుకుని సొంత వసారాలో కూర్చోవడం ఆ యాత్రలో సగం ఫలం. కాబట్టి బాల్కనీ కావాలి. మినీసూటు కావాలా అన్నది ఆ తరవాతి మాట.

“ఇంకొంచెం కడితే పై తరగతి ఇస్తామంటే?” అని మరో పూర్వపక్షం. ఇచ్చే గది నంబరు ముందు అడగండి. చెప్పకపోతే ఉన్న గదిలోనే ఉండండి.

తాత్పర్యం

గది విలువ దాని పేరులో ఉండదు, దాని చుట్టూ ఉన్నవాటిలో ఉంటుంది. ముగ్గురు నలుగురు ఒకే గదిలో సర్దుకోవాలంటే, సోఫా మంచమవుతుంది గనుక, మినీసూటు తీసుకోండి. ఇద్దరే అయితే, ముఖ్యంగా పెద్దవాళ్లయితే, ఓడ నడుమ, పైనా కిందా గదులున్న కారిబ్ డెక్కు బాల్కనీ గది మినీసూటు కన్న చౌక. సగం కప్పు ఉన్నందున వానకూ ఎండకూ కూడా పనికొస్తుంది.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని డబ్బు కట్టేముందు ఒక్కసారి చదివినవారికి రాత్రి నిద్ర పడుతుంది. కట్టిన తరవాత నూటెనిమిది సార్లు చదివినా ఫలం లేదు. గది తరగతి చూసి మురిసిపోకండి. డెక్ ప్లాను మీద వేలు పెట్టి, నంబరు చూసుకుని బుక్ చేయండి.