పాత బండి ఊగాలని ఎక్కడుంది?

మా ఇడపనూరులో ఇప్పుడు ఏ పాత జీపు స్టార్ట్ చేసినా బానెట్టు గడగడ వణుకుతుంది, గేరు రాడ్డు ఆగకుండా ఆడుతుంది. ఏందిరా ఇది అంటే అందరి నోటా ఒకటే జవాబు: "పాత బండి గదా తాతా, ఊగుతుంది." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. వయసు మీదపడితే బండి రంగు పోతుంది, బాడీ తుప్పు పడుతుంది. ఇంజను మాత్రం కుదురుగానే కూర్చోవాలి. డీజిలు పంపు, నాజిళ్లు సరిగ్గా ఉండి కూడా అది కుదురుగా లేదంటే ముందుగా చూడాల్సింది దాని కింది ఫౌండేషన్ రబ్బర్లనే, అంటే ఇంజను మౌంటింగులనే.

మా రోజుల్లో రాయచూరు షెడ్డులో పనికి చేరిన పిల్లోడి చేతికి మేస్త్రి వెంటనే పానా ఇచ్చేవాడు కాదు. బండి రాగానే టార్చి పట్టుకుని కిందికి దూరి చూసి రమ్మనేవాడు. రబ్బరు పగిలిందా, ఇనుప పలక నుంచి ఊడిందా, ఒక పక్కకు కుంగిందా, దానిమీద ఆయిలు కారుతోందా, అన్నీ చెప్పాలి. చెప్పలేకపోతే మళ్లీ కిందికి పోవాల్సిందే. ఇప్పుడు కిందికి దూరేవాడే లేడు. డ్రైవరు చెప్పింది విని, ఫోనులో సామాన్లకు ఆర్డరు పెట్టేస్తారు.

ఇంజనును ఛాసీకి నేరుగా బిగించిన కాలం ఒకటుండేది. 1931లో అమెరికాలో క్రైస్లర్ వాళ్లు ప్లిమత్ కారు ఇంజనును రబ్బరు మీద కూర్చోబెట్టి, దానికి ఫ్లోటింగ్ పవర్ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాదే ఫ్రాన్సులో సిత్రోయెన్ వాళ్లు ఆ పద్ధతిని తెచ్చుకున్నారు. అంత చిన్న రబ్బరు ముక్కకు అంత విలువ ఇచ్చారు. మన దగ్గర మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. పెట్రోలు ఇంజన్లు ఉన్నన్నాళ్లూ రబ్బరు కొంచెం అరిగినా బండి ఓర్చుకునేది. వాళ్ల ఎంఎం 540 జీపులో 2112 సీసీ ప్యూజో డీజిలు ఇంజను వచ్చాక ఆ ఓర్పు పోయింది. డీజిలులో కంప్రెషన్ ఎక్కువ, ఐడిలింగులో కుదుపూ ఎక్కువ. అదంతా ఆ రబ్బర్లే మింగాలి.

పైగా జీపు ఫోర్ వీల్ బండి. వానాకాలం మా నల్లరేగడిలో దిగబడినప్పుడు లో గేరు వేస్తే ఇంజను లాగుడు ఇంకో రెండున్నర రెట్లవుతుంది. జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకే అతుక్కుని ఉంటుంది కాబట్టి ఆ మెలికంతా వచ్చి రబ్బర్ల మీదే పడుతుంది. ముందుకు లాగేటప్పుడు ఇంజను ఎడమ పక్క పైకి లేవాలని చూస్తుంది, రివర్సులో కుడి పక్క. ఎండాకాలం చూస్తే రాయచూరు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, దానికి బానెట్టు కింది వేడి తోడు. రబ్బరు గట్టిపడి బీటలు వారుతుంది.

పరీక్ష పెద్ద విద్యేమీ కాదు. హ్యాండ్ బ్రేకు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, మొదటి గేరులో క్లచ్ కొంచెమే వదలాలి. ఇంకొకరు పక్కన నిలబడి ఇంజనును చూడాలి, బండి ముందు మాత్రం ఎవరూ ఉండకూడదు. తర్వాత రివర్సులో కూడా అంతే. ఇంజను కాస్త కదిలితే మంచిదే, ఎగిరి పడితే ఆ పక్క రబ్బరు ఊడినట్టే. ఈ చిన్న పని చేయక ఎంత డబ్బు తగలేస్తారో! ఈ మధ్య మంత్రాలయం దారిలో తిరిగే ఒక కమాండరు జీపుకు క్లచ్ ప్లేటు మార్చారు, సైలెన్సర్ పైపు రెండుసార్లు వెల్డింగు చేయించారు, ఫ్యాను తగిలిన రేడియేటరుకు అతుకు వేయించారు. నేను కిందికి వంగి చూస్తే ఎడమ రబ్బరు రెండు ముక్కలై ఉంది. ఇంజను ఊగుతుంటే పైపు విరగదా, ఫ్యాను రేడియేటరుకు తగలదా? అతుకులు వేసిన ఏ ఒక్కడికీ ఆ అనుమానం రాలేదు.

రబ్బరు బదులు టైరు ముక్క కోసి దూర్చడం మా కాలంలోనూ ఉండేది, కాదనను. కానీ అది ఊరు చేరేదాకానే. ఇప్పుడు దాన్నే రిపేరు అని చెప్పి డబ్బు తీసుకుంటున్నారు.

రబ్బరు మార్చేటప్పుడు కూడా అంతా తొందరే. జాకీని నేరుగా ఆయిల్ ఛాంబరుకు ఆనించి లేపితే రేకు లోపలికి నొక్కుకుపోతుంది. మధ్యలో వెడల్పు చెక్క పెట్టాలి. ముందే బ్యాటరీ వైరు తీసి, రబ్బరు మీద బరువు పోయేంత వరకే లేపి ఆపాలి. లేపుతున్నంతసేపూ ఫ్యాను, హోసులు, పైపు, వైర్లు చూస్తూ ఉండాలి. జాకీని నమ్మి ఇంజను కింద చెయ్యి పెట్టకూడదు. ఒక పక్క పోతే రెండు పక్కలా మార్చాల్సిందే. కొత్తది ఎత్తుగా, పాతది కుంగి ఉంటే ఇంజను వంకరగా కూర్చుని కొత్తదాన్నీ తినేస్తుంది. గేరుబాక్సు కింది రబ్బరును కూడా చూడాలి, దాన్ని అందరూ మరిచిపోతారు. ఆయిలు కారుతుంటే ముందు అది ఆపాలి. ఆయిలు తగిలితే మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది, కొత్తది వేసినా అదే గతి.

ఎర్త్ పట్టీ సంగతి నేటి కుర్రాళ్లకు చెప్పేవాళ్లే లేరు. రబ్బరు మీద కూర్చున్న ఇంజనుకూ ఛాసీకీ మధ్య కరెంటుకు దారి ఆ పట్టీయే. అది తెగితే స్టార్టరు కరెంటు యాక్సిలరేటరు కేబులు గుండా, క్లచ్ వైరు గుండా దారి వెతుక్కుంటుంది, అవి కాలిపోతాయి. రబ్బరు మార్చిన రోజే పట్టీని విప్పి, తుప్పు గీకి బిగించాలి.

కొత్త కార్లలో ద్రవం నింపిన మౌంటింగులు వచ్చాయి, చాలా మెత్తగా ఉంటాయి. వాటిని నేను తప్పుపట్టను. లీకయితే మొత్తం మార్చాల్సిందే, అది దాని తీరు. నా కోపమంతా ఈ పాత జీపులను పట్టించుకోనివాళ్ల మీదే. కళ్లకు కనిపించేచోట, పానాకు అందేచోట ఉన్న రబ్బరును చూడకుండా, ముసలిబండి అని పేరు పెట్టి పాత ఇనుము కింద అమ్మేస్తున్నారు. అమ్మే ముందు ఆ రబ్బర్లు మార్చి చూడండి. నట్లు ముందు వదులుగా పెట్టి, జాకీ దించి, ఇంజను బరువు రబ్బర్ల మీద కూర్చున్నాక గట్టిగా బిగించండి. కొన్నాళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి పానా వేసి చూడండి. ఆ తర్వాత కూడా ఊగితే అప్పుడు నా దగ్గరికి తీసుకురండి, చూస్తాను.